అరంగుళం ఎత్తులో మన దేశం

"మన దేశం ఇకమీదట ఎవరితోనూ తలెత్తి మాట్లాడదు. తల దించి, కిందికి చూసి మాట్లాడుతుంది" అని విదేశాంగ మంత్రిగారు ప్రకటించారు. చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఆ సాయంత్రమే నాకు కుర్చీ ఆర్డరు వచ్చింది.

నేను విదేశాంగ శాఖలో వడ్రంగిని, గ్రేడు టూ. మంత్రిగారు పొరుగు దేశంతో జరిపిన చర్చల గురించి పత్రికల్లో మీరు చదివే ఉంటారు. అందులో సగమే వచ్చింది. మిగతా సగం జరుగుతున్నప్పుడు నేను బల్ల కింద ఉన్నాను కాబట్టి, అది చెప్పే బాధ్యత నా మీద పడింది.

ఆర్డరు ఇచ్చింది కార్యదర్శిగారు. తలుపు వేసి, కర్టెను లాగి, గొంతు తగ్గించి చెప్పారు.

"అవతలి మంత్రి కుర్చీ ఎత్తు పద్దెనిమిది అంగుళాలు. మనది పద్దెనిమిదిన్నర ఉండాలి."

"పందొమ్మిది చేస్తే పోలా సార్? లెక్క తేలిగ్గా ఉంటుంది."

"పందొమ్మిదంటే కవ్వింపు అవుతుందయ్యా. పద్దెనిమిదిన్నర అంటే విధానం."

ఆ పద్దెనిమిది అనే అంకె కూడా ఊరికే రాలేదు. అవతల ఉన్న మన రాయబారిగారు ఒక విందులో చెంచా కింద పడేసుకుని, వెతుకుతున్నట్టు బల్ల కిందికి దూరి, జేబులోని టేపుతో కొలిచి, సీలు వేసిన మూడు కవర్లలో పంపిన అంకె అది. ఆయనకు ప్రమోషను వచ్చింది. చెంచా మాత్రం దొరకలేదని విన్నాను.

ఈ చర్చల మీద నాకు సొంత ఆశ కూడా ఒకటి ఉంది. దాచడం దేనికి, మా బావ అవతలి దేశం జైల్లో ఉన్నాడు.

మా బావ లారీ డ్రైవరు. మన దేశానికీ వాళ్ల దేశానికీ మధ్య ఒక వంతెన ఉంది, దాని నడుమ అడ్డంగా తెల్లగీత ఉంది. ఓ రోజు పొద్దున్నే దట్టమైన పొగమంచులో ఇటుకల లోడుతో వెళ్తూ, వంతెనకు ముందు తిరగాల్సిన మలుపు కనపడక నేరుగా పోయాడు. గీత చూసి బ్రేకు వేసేసరికి లారీ ముందు చక్రాలు అవతల, వెనక చక్రాలు ఇవతల ఉన్నాయి. డ్రైవరు కూర్చునేది ముందే కాబట్టి మా బావ వాళ్లకు దొరికాడు. ఇటుకలు మనకు దక్కాయి. మంత్రిగారు అప్పుడే దాన్ని పాక్షిక విజయం అన్నారు.

అది జరిగి ఎనిమిది నెలలు. మా అక్క స్కూలు యూనిఫారాలు కుట్టి ఇల్లు నడుపుతోంది. సోమవారం సోమవారం మా ఆఫీసు గేటు దగ్గరికి వచ్చి అర్జీ ఇస్తుంది. నేను లోపల రంపం పట్టుకుని ఉంటాను, అది బయట అర్జీ పట్టుకుని ఉంటుంది. మా మేనకోడలికి ఏడేళ్లు. ఏటా పుట్టినరోజున మా బావ దాన్ని వంటింటి ద్వారబంధానికి ఆనించి నిలబెట్టి, తల మీద పుస్తకం పెట్టి పెన్సిలుతో గీత గీస్తాడు. ఈ ఏడు పుట్టినరోజు బావ జైల్లో ఉండగానే వెళ్లిపోయింది. నేను కొలుస్తానంటే పిల్ల ఒప్పుకోలేదు.

"నాన్న వచ్చాకే" అంది.

నేను వడ్రంగిని. ఊళ్లో నాకన్నా సూటిగా కొలిచేవాడు లేడు. చెప్పినా వినలేదు.

మంత్రిగారి కుర్చీకి చిత్రిక పట్టి ఇంటికి వెళ్లిన రోజున అక్క మిషను ఆపి అడిగింది.

"ఒరేయ్, ఆ మంత్రి నువ్వు చేసిన కుర్చీలోనే కదా కూచునేది?"

"అవునక్కా."

"అయితే ఒక మేకు కాస్త పైకి వదిలెయ్. మీ బావ మాట ఎత్తేదాకా గుచ్చుకుంటూ ఉంటుంది."

"అది దేశద్రోహం అక్కా."

"మరి ఒక మనిషిని ఎనిమిది నెలలు అక్కడే వదిలెయ్యడాన్ని ఏమంటారు?"

"విదేశాంగ విధానం అంటారు."

అక్క మళ్లీ మిషను తొక్కింది. దాని తప్పు కాదు, దౌత్యం ఇంట్లో కూర్చున్నవాళ్లకు అర్థం కాదు. చర్చల్లో ఏడు అంశాలు ఉన్నాయి. ఒకటి కుర్చీలు, రెండు జెండాలు, మూడు ఎవరు ముందు చెయ్యి చాచాలి, నాలుగు చాచిన చెయ్యి ఎంతసేపు ఊపాలి, అయిదు మంచినీళ్ల గ్లాసులు, ఆరు గ్రూపు ఫోటో. ఏడోది 'ఇతరములు'. మా బావ ఇతరముల్లో ఉన్నాడు.

చర్చల కోసం వంతెన మీదే, లారీ పట్టేంత దారి వదిలి, ఒక గది కట్టారు. తెల్లగీత గది నేల మీదుగా పోతుంది, దాని మీద అడ్డంగా బల్ల. బల్లకు ఈ పక్క మన దేశం, ఆ పక్క వాళ్ల దేశం. రెండు దేశాల భాషా ఒకటే కాబట్టి గౌరవానికి లోటు రాకుండా రెండు వైపులా అనువాదకులను పెట్టారు. ఒక మంత్రి "నమస్కారం" అంటే అనువాదకుడు "నమస్కారం అంటున్నారు" అని చెప్పేవాడు. పొరపాట్లు చాలా తక్కువ జరిగాయి.

మొదటి రోజు మన మంత్రిగారు పద్దెనిమిదిన్నర అంగుళాల కుర్చీలో దర్జాగా కూర్చుని కిందికి చూడబోయారు. అవతలి మంత్రి ఆయన కన్నా ఎత్తుగా కనపడ్డాడు. వాళ్ల రాయబారి కూడా మన దగ్గర ఎక్కడో చెంచా పారేసుకున్నాడన్నమాట. మంత్రిగారు వెంటనే విరామం ప్రకటించారు. కార్యదర్శిగారు నన్ను బల్ల కిందికి పంపారు.

చెక్క దిమ్మలు, సుత్తి పట్టుకుని దూరేసరికి అక్కడ అప్పటికే ఒక పెద్దాయన ఉన్నాడు. చెవి వెనక పెన్సిలు, మోకాలికి కట్టు. అవతలి దేశం వడ్రంగి. వాళ్ల మంత్రి కుర్చీ కాలి కింద దిమ్మ పెడుతున్నాడు.

"ఎంత పెడుతున్నావు తమ్ముడూ?" అని అడిగాడు.

"అంగుళం. మీరో?"

"నన్ను అంగుళమున్నర పెట్టమన్నారు. నువ్వు అంగుళం దగ్గర ఆగితే నేనూ ఆగుతా. లేకపోతే రేపటికి ఇద్దరికీ చెక్క అయిపోతుంది."

"మా వాళ్లు ఊరుకోరు పెద్దాయనా."

"మా వాళ్లూ అంతేలే" అని ఇంకో దిమ్మ తీశాడు.

రెండో రోజుకు మంత్రులిద్దరి కాళ్లూ నేలకు అందలేదు. మూడో రోజుకు కుర్చీ ఎక్కడానికి నిచ్చెనలు వచ్చాయి. బల్ల మీది కాగితాలు అందకపోవడంతో బల్లను కూడా లేపాం. ఫ్యాను విప్పేశాం. చివరికి ఇద్దరి తలలూ పైకప్పుకు తగిలి, కుర్చీలు నాలుగడుగుల దగ్గర ఆగాయి. పైకప్పు రెండు దేశాలకూ ఒకటే కావడం వల్ల సమానత్వం సాధ్యపడింది. పత్రికలు వీటిని ఉన్నత స్థాయి చర్చలని రాశాయి. ఆ మాటలో అతిశయోక్తి లేదని నేను హామీ ఇవ్వగలను.

నాలుగో రోజు మధ్యాహ్నానికి ఏడో అంశం వచ్చింది. కింద నేను సుత్తి పక్కన పెట్టి చెవులు రిక్కించాను.

"ఆ లారీ మనిషా?" అన్నాడు అవతలి మంత్రి పైనుంచి. "తీసుకుపొండి. ఊరికే తిండి దండగ."

"సదరు లారీ మనిషిని తీసుకువెళ్లవచ్చు అంటున్నారు" అన్నాడు అనువాదకుడు.

సంతోషం పట్టలేక లేవబోయి బల్లకు తల కొట్టుకున్నాను. పెద్దాయన నా వీపు తట్టాడు. కార్యదర్శిగారు నిచ్చెన ఎక్కి మంత్రిగారి చెవిలో ఏదో చెప్పిన చప్పుడు. తర్వాత మన మంత్రిగారి గొంతు మోగింది.

"ఊరికే ఇస్తే పుచ్చుకోవడం మా దేశ చరిత్రలో లేదు. పుచ్చుకునే చెయ్యి ఎప్పుడూ కిందే ఉంటుంది. మా చెయ్యి కింద ఉండదు. మనిషికి మనిషి. మీ మనిషి ఒకణ్ణి ఇస్తాం, మా మనిషిని ఇవ్వండి."

అవతలి మంత్రి కూడా తేరుకున్నాడు. "అసలు మేము మాత్రం ఊరికే ఇచ్చేవాళ్లమా? నోరు జారాను. మనిషికి మనిషి. ఇంతకీ మీ దగ్గర మావాడు ఎవడున్నాడు?"

కార్యదర్శిగారు ఫైలు మొత్తం తిరగేశారు. నిల్వ శూన్యం.

ఇంటికి వెళ్లి అక్కకు ఇదంతా చెప్పాను.

"ఇస్తానంటే వద్దన్నారా?"

"వద్దనలేదక్కా. గౌరవంగా కావాలన్నారు."

అక్క చేతిలో ఉన్న యూనిఫారం గుండీలను ఒకటికి రెండుసార్లు కుట్టింది. దానికి కోపం వస్తే గుండీలు గట్టిగా ఉంటాయి.

ఆ తర్వాత రెండు నెలలు మన సరిహద్దు భద్రతా దళం వంతెన దగ్గర మాటు వేసి కూర్చుంది. అవతలివాడు ఒక్కడైనా దారి తప్పకపోతాడా అని ఆశ. 'స్వాగతం' అని బోర్డు పెట్టారు. బాణం గుర్తు గీశారు. కూర్చోవడానికి బెంచీ వేశారు, అది కూడా నేనే చేశాను. ఎవరూ రాలేదు. ఒక మేక వచ్చింది. లారీ డ్రైవరుకు మేక సమానమా కాదా అనే సంగతి న్యాయ విభాగానికి రాశారు. మూడు వారాలకు అభిప్రాయం వచ్చింది, పాలిచ్చే మేకైతే పరిశీలించవచ్చని. అప్పటికి మేక తనంతట తనే వాళ్ల దేశానికి వెళ్లిపోయింది.

దాంతో రెండో విడత చర్చలు పెట్టారు. బల్ల బాగా ఎత్తయింది కాబట్టి ఈసారి నేనూ పెద్దాయనా కింద పీటలు వేసుకుని కూర్చున్నాం. ఆయనకు మొత్తం చెప్పాను. అక్క గుండీల సంగతి, పిల్ల ద్వారబంధం సంగతి అన్నీ చెప్పాను. ఆయన కాసేపు మోకాలు రుద్దుకున్నాడు.

"మావాడు ఒకడు గీత దాటితే చాలా?"

"చాలు."

"మొత్తం దాటాలా, కాలు పెడితే సరిపోతుందా?"

"మా బావ కూడా సగమే దాటాడు పెద్దాయనా."

"అయితే ఎడమకాలు పెడతాను. కుడిమోకాలు వంగదు. పది నిమిషాల్లో తెమిలిపోతుందంటావా? సాయంత్రం మనవరాలి ఉయ్యాలకు కొక్కేలు బిగించాలి."

"సంతకాలే కదా, ఎంతసేపు."

ఆయన ఎడమకాలు ఎత్తి గీతకు ఇవతల పెట్టాడు. నేను కాపలావాణ్ణి పిలిచాను. అంత మంచి మనిషిని నా నోటితో పట్టించానే అని సిగ్గేసింది. బావ వచ్చేస్తాడని ఒళ్లంతా తేలిపోయింది కూడా. రెండూ నిజమే.

పైన చర్చ పది నిమిషాల్లో తెమలలేదు.

"మా వడ్రంగికి నలభై ఏళ్ల అనుభవం ఉంది" అన్నాడు అవతలి మంత్రి. "మీ డ్రైవరుకు అంత పొడుగు వంతెన కనపడలేదు. ఇద్దరూ ఎలా సమానం? డ్రైవరుకు డ్రైవరు, వడ్రంగికి వడ్రంగి. ఇది మా సూత్రం."

సూత్రమనే మాట వినగానే మన మంత్రిగారు కరిగిపోయారు. "అద్భుతమైన సూత్రం. మేము మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాం" అని చెయ్యి చాచారు. ఎవరు ముందు చాచారన్న మాట కూడా ఎవరూ ఎత్తలేదు. తర్వాత ఇద్దరు మంత్రులూ, ఇద్దరు అనువాదకులూ, కార్యదర్శిగారూ కలిసి వంగి బల్ల కింద ఉన్న నావైపు చూశారు.

నేను స్వచ్ఛందంగా గీత దాటానని మంత్రిగారు చట్టసభలో చెప్పారు. అది నిజమే. వెనకనుంచి కార్యదర్శిగారి బూటు కొంత సహకరించింది.

వాళ్ల జైల్లో నన్ను మా బావ గదిలోనే పెట్టారు. మనిషి సగమయ్యాడు. నన్ను చూసి ఎందుకొచ్చావని గానీ ఎలా వచ్చావని గానీ అడగలేదు.

"పిల్ల ఎంత పెరిగింది?" అన్నాడు.

"కొలవనివ్వడం లేదు బావా. నువ్వొచ్చాకేనంట."

నవ్వాడు. నవ్వి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నాకూ ఏడుపొచ్చింది. నేను ప్రభుత్వోద్యోగిని, విదేశంలో ఉన్నాను కాబట్టి ఆపుకున్నాను.

అక్కడ పదకొండు రోజులు ఉన్నాను. జైలు వెనక వడ్రంగం షెడ్డు ఉంది. బావకు పగలంతా చేతులు ఊరికే ఉండి పిచ్చెక్కుతోందని చెప్పాడు. స్టీరింగు పట్టిన చేతులు కదా. తోచక నేను పని నేర్పాను. చిత్రిక ఎలా పట్టాలి, చెక్క పొర ఎటు పోతుందో ఎలా చూడాలి, కొలత రెండుసార్లు తీసి కోత ఒక్కసారి ఎందుకు కొయ్యాలి. మొదటి నాలుగు రోజులు ఉలితో వేలు కోసుకున్నాడు. పదో రోజుకు ఒక పీట చేశాడు. నాలుగు కాళ్లూ నేలకు ఆనాయి. షెడ్డు సూపర్వైజరు దాని మీద కూర్చుని, లేచి, మళ్లీ కూర్చుని, నోటుబుక్కులో ఏదో రాసుకున్నాడు. గురువుగా నాకు గర్వంగానే అనిపించింది.

పన్నెండో రోజు వంతెన మీద బ్యాండు మేళం, రెండు జెండాలు, ఎర్ర తివాచీ. వడ్రంగికి వడ్రంగి. గీత దగ్గర నేనూ పెద్దాయనా ఎదురుపడ్డాం.

"నీ బావ ఏడీ?"

"డ్రైవర్ల కోటాలో ఉండిపోయాడు పెద్దాయనా."

బ్యాండు గట్టిగా వాయిస్తున్నారు. ఆయన నా చెవి దగ్గరకు వంగాడు. "మా అల్లుడికి లారీ ఉంది. పొగమంచు పడనియ్."

ఈ మార్పిడి విజయవంతమైనందుకు మంత్రిగారికి సన్మానం జరిగింది. నాకు పదకొండు రోజుల సెలవు కోత పడింది, విదేశీ పర్యటనకు ముందస్తు అనుమతి తీసుకోలేదని.

పెద్దాయన మాట తప్పలేదు. మూడో నెలలో పొగమంచు పడింది. ఒక లారీ వచ్చి, ముందు చక్రాలతో పాటు వెనక చక్రాలు కూడా గీత దాటించి, బోర్డు కింద ఆగింది. డ్రైవరు దిగి బెంచీ మీద కూర్చున్నాడు.

"సగం దాటితే మళ్లీ పేచీ పెడతారని మామగారు మొత్తం రమ్మన్నారు" అన్నాడు.

మన దగ్గర డ్రైవరు ఉన్నాడు. వాళ్ల దగ్గర డ్రైవరు ఉన్నాడు. ఎలా చూసినా సమానమే. మార్పిడి తేదీ కూడా వేశారు. అక్క ఇల్లంతా కడిగింది, ద్వారబంధం మీది గీతలు చెరిగిపోకుండా చుట్టూ మాత్రం తుడిచింది. పిల్ల పెన్సిలు చెక్కి, కిటికీలో సిద్ధంగా పెట్టుకుంది. ఒకటి విరిగితే ఉండనీ అని రెండోది కూడా చెక్కింది.

తేదీకి రెండు రోజుల ముందు అవతలినుంచి లేఖ వచ్చింది. 'మీ ఖైదీ మా జైల్లో వడ్రంగం నేర్చి పరీక్ష పాసయ్యాడు. సర్టిఫికెట్ నకలు జతపరిచాము. ఆయన ఇప్పుడు వడ్రంగి. కాబట్టి డ్రైవరుతో మార్పిడి సూత్ర విరుద్ధం.'

ఆ నకలు నేను చూశాను. చాలా మంచి మార్కులు వచ్చాయి. అక్కకు ఆ సర్టిఫికెట్ ఎవరి చలవో చెప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. చెప్పాక అది నాతో మాట్లాడటం మానేసింది.

మంత్రిగారు మాత్రం ఏమాత్రం చలించలేదు. అదే రోజు విలేకరులను పిలిచారు.

"నిన్నటిదాకా వాళ్ల దగ్గర మన మనిషి ఉన్నాడు, మన దగ్గర వాళ్ల మనిషి లేడు. ఇవాళ చెరొకరు ఉన్నారు. చరిత్రలో మొదటిసారిగా రెండు దేశాలూ సరిసమానం. ఈ సమతూకాన్ని చెడగొట్టే ఏ మార్పిడికీ మా ప్రభుత్వం ఒప్పుకోదు."

చప్పట్లు మళ్లీ చాలాసేపు ఆగలేదు. అవతల కూడా ఇప్పుడు ఒకావిడ సోమవారం సోమవారం అర్జీ ఇస్తోందట. పెద్దాయన కూతురు.

నెల తర్వాత ప్రభుత్వ సంచిలో మా బావ ఉత్తరం వచ్చింది. విప్పి, చదివి, మూడు ముద్రలు వేసి ఇచ్చారు.

'బావమరిదీ, నువ్వు నేర్పిన పనికి పేరొచ్చింది. వచ్చే విడత చర్చలకు వీళ్ల మంత్రి కుర్చీ నన్నే చెయ్యమన్నారు. మీ మంత్రి కుర్చీ కన్నా అరంగుళం ఎక్కువ ఉండాలట, పైకప్పు సంగతి వాళ్లు చూసుకుంటారట. మీది ఎంత? చెప్పకూడదంటే చెప్పకు. పిల్లను ఇంక ఆపొద్దు. నేనొచ్చేసరికి ద్వారబంధం దాటిపోయేలా ఉంది. నా బదులు నువ్వు కొలిచి, ఎంతుందో రాయి.'

ఉత్తరం చదివి వినిపించాక పిల్ల కాసేపు ఆలోచించి, తనే వెళ్లి ద్వారబంధానికి ఆనుకుని నిలబడింది. మడమలు పైకెత్తలేదు. తల మీద పుస్తకం పెట్టి, పెన్సిలుతో గీశాను. రెండుసార్లు కొలిచాను. సరిగ్గా నాలుగడుగులు. అక్క వచ్చి గీత మీద వేలు పెట్టి చూసి, నాతో నెల రోజుల్లో మొదటిసారి మాట్లాడింది.

"ఇవాళే రాయి" అంది.

కుర్చీ కొలత దేశ రహస్యం కాబట్టి రాయలేదు. 'నాలుగడుగులు' అని ఒక్క ముక్క రాసి, కింద అక్క క్షేమం రాసి, కార్యదర్శిగారి ఆఫీసులో ఇచ్చాను. ఆయన చదివి, కళ్లజోడు సవరించుకుని, తలుపు వేశారు.

"నాలుగడుగులా? మన కుర్చీ ఎత్తు శత్రువుకు రాస్తావా?"

"అది మా మేనకోడలి ఎత్తు సార్."

"పట్టుబడ్డవాళ్లంతా ఇలాంటిదే ఏదో చెబుతారు" అని, నల్ల సిరాలో కలం ముంచి, ఆ మాట మీద ఒకటికి రెండుసార్లు పూశారు. ఉత్తరం అలాగే వెళ్లింది.